పూరీలో సాయంకాలాలు

కిందటేడు పుష్యమాసం నెల్లాళ్లూ పూరీ సముద్రతీరాన గడిపాం. సాయంకాలమైతే స్వర్గద్వారం దగ్గర గవ్వల బేరాలు, ఖాజాల చిరుతిండి. పొద్దువాలే వేళకు గుడి దగ్గరికి చేరేవాళ్లం. 214 అడుగుల గోపురాన్ని సేవకులు ఉత్త చేతులతో ఎగబాకి జెండా మారుస్తుంటే పిల్లలు రెప్పవేయకుండా చూసేవారు.

రాత్రి భోజనమే చిక్కు. మా అమ్మకు మడి. పదిరోజులు బసలో కుంపటిమీద తానే వండుకు తిన్నది.

పదకొండోనాడు ఆనందబజారులో మట్టికుండల మహాప్రసాదం ముందు తటపటాయిస్తూ కూర్చున్నది. పక్కన పెంటకోట తెలుగు జాలరిపేట ముసలమ్మ తన ఆకు ఇటు జరిపి, “జగన్నాథుడి కూటికి మైలేటి తల్లీ?” అన్నది.

అమ్మ ఒక్క క్షణం ఆగి, ఆ ఆకులోనే చెయ్యి పెట్టింది.

మర్నాటినుంచి కుంపటి వెలగలేదు.