555 అడుగుల నీడలో అమ్మ

వాషింగ్టన్‌లో జూలై అంటే మన రోహిణి కార్తెకి చెల్లెలు. చెమట ఆరదు, గాలి కదలదు. అలాంటి ఒక మధ్యాహ్నం, తెనాలి నుంచి వచ్చిన అమ్మని వాషింగ్టన్ మాన్యుమెంట్‌కి తీసుకెళ్లాను. స్మిత్‌సోనియన్ మెట్రో స్టేషన్‌లో దిగి, రోడ్డు దాటి, పచ్చిక దిబ్బ ఎక్కాలి. దూరం తక్కువే. కానీ అమ్మ మోకాళ్లకి అది తిరుమల మెట్లదారే.

హాలీవుడ్ సినిమాల్లో మీరూ చూసే ఉంటారు. సూదిలా ఆకాశంలోకి లేచిన తెల్ల రాతి స్తంభం. ఎత్తు 555 అడుగులు. చుట్టూ గుండ్రంగా 50 జెండాలు.

అమ్మ తలెత్తి చూసింది. ‘‘బావుందిరా’’ అంది. తర్వాత చుట్టూ చూసింది. ‘‘మరి నీడేదిరా?’’ అంది.

రాతి బల్లలున్నాయి, ఎండలో. చెట్లున్నాయి, దిబ్బ దిగి వెళితే. దగ్గర్లో ఉన్న నీడ ఒక్కటే, ఆ స్తంభానిదే. పచ్చిక మీద పొడుగ్గా పడిన ఆ చారలో జనం వరసగా కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం. కాసేపటికి నీడ జరిగింది. అందరూ లేచి కాస్త జరిగారు. మేమూ జరిగాం.

‘‘ఇంత గొప్పది కట్టుకుని, నీడ కోసం ఇలా దేకడమేంట్రా?’’ అని నవ్వింది అమ్మ.

ఆరేళ్లుగా ఇక్కడికి గంట దూరంలో ఉంటున్నాను. ఫ్రెండ్స్‌తో ఎన్నిసార్లు వచ్చానో లెక్కలేదు. ఫొటోలు, రీల్స్, బైబై. ఈ ప్రశ్న మాత్రం నాకెప్పుడూ రాలేదు. అసలు ఇక్కడ ఏముండాలో చెప్పడానికి మనమెవరం? ఓటు లేదు, గ్రీన్‌కార్డు లైను కదలదు. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లని గోడలకి ఆ రంగెందుకేశారని అడగం కదా, అలాగన్నమాట.

నీడలో కూర్చుని అమ్మకి ఈ కట్టడం కథ చెప్పాను. దీన్ని కట్టాలని 1833లో ఒక సంఘం పెట్టుకున్నారు. మొదట్లో ఒక్కో మనిషి దగ్గర ఒక్క డాలరుకి మించి చందా తీసుకోలేదు. అంటే గుడికి ఇంటింటా చందా వసూలు చేసినట్టే. రాబర్ట్ మిల్స్ అనే ఆర్కిటెక్ట్ గీసిన ప్లాన్‌లో స్తంభం కింద, చుట్టూరా పెద్ద స్తంభాల మండపం ఉంది. 1848లో పునాదిరాయి వేశారు. 1854కి డబ్బులైపోయాయి, గొడవలూ వచ్చాయి. పాతికేళ్లు పని ఆగింది. మళ్లీ 1879లో మొదలుపెట్టి 1884లో ముగించారు. మధ్యలో రాయి మారడంతో రంగూ మారింది. సుమారు 150 అడుగుల ఎత్తులో ఆ గీత ఇప్పటికీ కనిపిస్తుంది. అమ్మ కళ్లద్దాలు సవరించుకుని మరీ చూసింది.

‘‘మరి ఆ మండపమేదిరా?’’

అది కట్టలేదు. తర్వాత 1902లో ఒక పెద్ద ప్లాన్ వచ్చింది. దిబ్బని చెక్కి మెట్లు, తోటలు, నీళ్లు పెట్టాలని. నేల తవ్వితే పునాదికి ముప్పని ఇంజనీర్లు భయపడ్డారు. అదీ ఆగింది. 2001 దాడుల తర్వాత వాహనాలు దూసుకురాకుండా వంపు తిరిగిన పొట్టి రాతి గోడలు కట్టారు. కట్టడం పూర్తయింది కానీ, దాని చుట్టూ ఉన్న నేల కోసం వేసిన పెద్ద ప్లాన్లన్నీ కాగితం మీదే ఉండిపోయాయి.

అందుకే 2010లో కొందరు ఒక పోటీ పెట్టారు. ప్రభుత్వం పెట్టింది కాదు. ‘ఈ నేలని మీరైతే ఎలా మారుస్తారు?’ అని జనాన్నే అడిగారు. ఆర్కిటెక్టే అయ్యుండాలన్న రూలు లేదు. పన్నెండేళ్లు నిండితే చాలు. వందలమంది బొమ్మలు గీసి పంపారు. ఆ తర్వాత ఇక్కడి బయలు రంగస్థలం సిల్వన్ థియేటర్ పరిసరాల కోసం వేరే పోటీ కూడా జరిగి, 2012లో విజేతల్ని ప్రకటించారు. మేం వెళ్లిన రోజుకి మాత్రం అక్కడ కొత్త థియేటరేం కనిపించలేదు.

‘‘కట్టనప్పుడు అడగడం ఎందుకమ్మా? టైమ్ వేస్ట్’’ అన్నాను.

అమ్మ ఒప్పుకోలేదు. ‘‘అడిగితేనే కదరా, ఎవరికేం కావాలో తెలిసేది. నన్నడిగితే నేనూ చెబుతాను’’ అంది. మ్యూజియంలో ఇచ్చిన మ్యాపు వెనక్కి తిప్పి, నా పెన్ను లాక్కుంది.

ముందు స్తంభం గీసింది. దానికి తగలకుండా, దూరంగా ఒక చెట్టు. చెట్టు చుట్టూ అరుగు. ‘‘పునాదికి భయమన్నారుగా, దగ్గరొద్దులే. రావిచెట్టు వేళ్లు అసలే మంచివి కావు, ఇక్కడి చెట్టేదైనా వేసుకోమను’’ అంది. మెట్రో నుంచి వచ్చే దారిలో ఒక చలివేంద్రం. దిబ్బ ఎక్కేచోట పట్టుకోడానికి కమ్మీ. అంతే. మొత్తం మూడు ఐటమ్స్.

నేను గీస్తే ఏం గీసేవాణ్ని? గ్లాసు వంతెన, లైటింగ్ షో, సెల్ఫీ పాయింట్. ఎందుకంటే నేనెప్పుడూ అక్కడ కూర్చోలేదు. నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోయాను. అమ్మ గంటసేపు కూర్చుంది, నీడతోపాటు జరిగింది, మోకాళ్లతో ఆ నేలని కొలిచింది. అందుకే ఆ నేలకేం కావాలో అమ్మకి తెలిసింది.

‘‘మనకిక్కడ ఓటు కూడా లేదమ్మా’’ అన్నాను.

‘‘ఎండలో నడిచొచ్చిన కాళ్లు మనవే కదరా!’’ అంది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఈసారి మీరు గోల్కొండకో, ఉండవల్లి గుహలకో వెళ్లినప్పుడు ఫోన్ ఓ అరగంట జేబులో పెట్టి ఊరికే కూర్చోండి. వీలైతే అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లండి. వాళ్లెక్కడ ఆగుతున్నారు, ఎక్కడ గోడ పట్టుకుంటున్నారు, నీళ్లకోసం ఎటు చూస్తున్నారు అన్నది గమనించండి. మీ ప్లాన్ అక్కడే దొరుకుతుంది. ఎవరైనా అడిగిన రోజున చెప్పడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలిగా.

అమ్మ తెనాలి వెళ్లిపోయి నాలుగు నెలలైంది. ఆ మ్యాపు మా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. పోటీ ఎప్పుడో అయిపోయింది. అయినా నిన్న ఫోన్లో అడిగింది: ‘‘ఒరేయ్, కమ్మీ ఒకవైపే గీశాను. రెండోవైపు కూడా గీసిపెట్టు.’’

గీశాను.