లైబ్రరీలో ఒక గది

నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు కాబట్టి గోడపత్రికకు లైబ్రరీ గురించి రాయమని తెలుగు మేడమ్ గారు చెప్పారు. నేను మా అమ్మ గురించి కూడా రాస్తున్నాను. అమ్మని అడిగే రాస్తున్నాను.

వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ నీళ్ళబిందెతో గట్టు ఎక్కలేక మధ్యలో రెండుసార్లు కూర్చుంది. ముఖం తెల్లగా పాలిపోయింది. ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాం. అక్కడ డాక్టరు ఉండరు. నర్సు అక్క ట్యాబులో వేరే ఊళ్ళోని డాక్టరుగారిని చూపించి మాట్లాడిస్తారు. దీన్ని ఈ-సంజీవని అంటారు, 2019లో మొదలైంది. లోపల సిగ్నల్ రాలేదని వరండాలో కూర్చోబెట్టారు. వరండాలో మగవాళ్ళు నలుగురు ఉన్నారు, మాకు తోడు వచ్చిన పెదనాన్న కూడా అక్కడే ఉన్నారు.

డాక్టరుగారికి మా కువి భాష రాదు. అమ్మకి తెలుగు అంతంత మాత్రం. మధ్యలో నేను. "నెలసరి ఎలా అవుతోందో అడుగమ్మా" అన్నారు డాక్టరుగారు. పది రోజులైనా ఆగడం లేదని, గుడ్డలు సరిపోవడం లేదని అమ్మ గొంతు తగ్గించి నాకు చెప్పింది. నేను పెదనాన్న వైపు చూశాను. "బాగానే అవుతోంది సార్" అనేశాను. ఆయన నీరసానికి మాత్రలు రాశారు. ఆ మాటలు తెలుగులో రాక కాదు నేను చెప్పనిది.

బడి తెరిచాక సార్ మమ్మల్ని మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్ళారు కదా. అక్కడ కింద అరలో "వైద్యుడు లేని చోట" అనే లావు పుస్తకం ఉంది. డేవిడ్ వెర్నర్ అనే ఆయన మెక్సికో దేశంలో కొండ ఊళ్ళవాళ్ళ కోసం మొదట స్పానిష్ భాషలో రాశారట. నిండా బొమ్మలే. రక్తహీనత గురించి చదివాను. కంటి రెప్ప లోపల పాలిపోవడం, ఆయాసం, నీరసం అన్నీ మా అమ్మవే. నెలసరిలో ఎక్కువ రక్తం పోయినా అలా అవుతుందని తెలిసింది. నాకు చేతులు చల్లబడ్డాయి. లైబ్రరీ సార్ పేపరు చదువుకుంటున్నారు, ఏం చదువుతున్నావని కూడా అడగలేదు. అది నాకు చాలా నచ్చింది.

ఆ సాయంత్రమే మన ఏ.ఎన్.ఎం. అక్కకి అంతా చెప్పేశాను. ఆమె మా ఊరి ఆశా వర్కరుకి ఫోన్ చేశారు. పరీక్ష చేస్తే అమ్మ రక్తం 6.8 గ్రాములు. ఆడవాళ్ళకి 12 ఉండాలి, 8 కంటే తగ్గితే ప్రమాదం. పెద్ద ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. స్కానింగులో గర్భసంచిలో గడ్డ కనబడింది. ఆపరేషనుకి సంక్రాంతి తర్వాత రమ్మన్నారు.

దసరా సెలవుల్లో అమ్మకి నిజం చెప్పాను. అమ్మ పొయ్యిలో కర్ర ఎగదోస్తూ, "బాగానే అనే తెలుగు మాట నాకూ వచ్చులే. నేనూ మీ పెదనాన్ననే చూశాను" అంది.

మనకు వారం వారం ఇచ్చే నీలం మాత్ర కూడా ఐరన్ మాత్రే. కుళాయి వెనక గడ్డిలో ఎన్ని నీలం మాత్రలు ఉన్నాయో నాకు తెలుసు, అందులో నావీ ఉన్నాయి (వార్డెన్ మేడమ్ గారు క్షమించాలి). అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువ. టీతో వేసుకోకూడదు, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. విరేచనం నల్లగా వస్తే భయపడక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆసుపత్రి మెట్టెక్కితే "ఏటైంది? ఏటైంది?" అని దారిన పోయేవాళ్ళంతా అడుగుతారు. లైబ్రరీలోకి వెళ్తే ఎవరూ అడగరు. అక్కడ కరెంటు ఉంది, సిగ్నల్ ఉంది, తలుపున్న గది ఉంది. సంతరోజు నర్సు అక్క ట్యాబు పట్టుకొని అక్కడికి వస్తే ఆడవాళ్ళు తలుపు వేసుకొని మాట్లాడుకోవచ్చు. కువి వచ్చిన ఆడమనిషి ఒకరు పక్కన ఉండాలి, అది మాత్రం తప్పదు. సోషల్ సార్‌ని అడిగితే, అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో పాట్స్‌బరో అనే చిన్న ఊరి లైబ్రరీలో 2021లో ఇందుకోసమే ఒక గది ఇచ్చారని చెప్పారు. అంత డబ్బున్న దేశంలోనూ డాక్టరు దూరమైన ఊళ్ళుంటాయని నాకు తెలీదు. మన దగ్గర 1960లో గ్రంథాలయాల చట్టం వచ్చింది, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీలకే వెళ్తాయట. అంటే అడగడానికి సిగ్గుపడక్కర్లేదు.

ఏ.ఎన్.ఎం. అక్క పైవాళ్ళని అడుగుతానన్నారు. లైబ్రరీ సార్ మాత్రం "గది నిండా పాత పేపర్ల కట్టలే, ముందు సర్దాలి కదమ్మా" అన్నారు. వచ్చే రెండో శనివారం సర్దడానికి వెళ్తున్నాం, వార్డెన్ మేడమ్ గారు పర్మిషన్ ఇచ్చారు. ఇప్పటికి ఆరుగురం అయ్యాం. ఇంకా వచ్చేవాళ్ళు ఆదివారం లోపల నాకు పేరు ఇవ్వండి. పాత చున్నీ ఉంటే తెచ్చుకోండి, దుమ్ము చాలా ఉంది.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి