ఉక్కునగరంలో గాజు జ్ఞాపకాలు

రాయపూరు దాటి రైలు దుర్గ్ వైపు సాగుతూ ఉండగా ఆకాశాన్ని అంటే పొగగొట్టాలు కనిపిస్తాయి. అదే భిలాయి. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒడంబడిక ఫలితంగా అక్కడ ఉక్కు కర్మాగారం వెలసింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు.

కర్మాగారం కథ చెప్పడానికి శిలాఫలకాలున్నాయి, నివేదికలున్నాయి, దేశమంతటా పరచిన రైలు పట్టాలున్నాయి. కాని కొలిమి వద్ద చెమటోడ్చిన కార్మికుడు సాయంకాలం ఏ కొట్టు ముందు నిలబడి సోడా తాగాడో, కూతురి పెళ్ళికి ఎక్కడ గిన్నెలు కొన్నాడో చెప్పేదెవరు? ఆ చరిత్రను సుపేలా, పవర్‌హౌస్ బజార్లలోని పాతసామాను మధ్య, సెక్టార్లలోని క్వార్టర్ల అటకల మీద వెతకవలసిందే.

ఈ వెతుకులాటలో మొదట దొరకదగినది సీసా. మనం గోలీసోడా అని పిలిచే సీసా 1872లో ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ అనే ఇంజనీరు పేటెంటు పొందిన రూపం. లోపలి వాయువు ఒత్తిడికి గోలీ మూతిలోని రబ్బరు వలయానికి అదుముకుని బిరడాగా పనిచేస్తుంది. సీసా వెల సోడా వెలకన్న ఎక్కువ గనుక, అది తిరిగి తన కొట్టుకే చేరాలని వ్యాపారి గాజు మీద పేరు పోయించుకునేవాడు. ఆనాటి ఆ జాగ్రత్తే నేడు మనకు ఆధారం.

తేదీ లేని వస్తువు కూడా తన వయస్సు చెప్పగలదు. బిల్లు మీద 'నయా పైసా' అని ఉంటే అది 1957, 1964 సంవత్సరాల నడుమది; అంటే ఊరు పుట్టి పెరుగుతున్న నాటిది. దుకాణం క్యాలెండరులోని చిరునామాలో పిన్‌కోడు కనిపిస్తే అది 1972 ఆగస్టు 15కు పూర్వపుది కాజాలదు. 'డబుల్ సెవెన్' సీసా అయితే, కోకాకోలా దేశం విడిచిన 1977కు ముందుది కాదు. అచ్చయిన చిరునామాలో ఛత్తీస్‌గఢ్ అని ఉంటే 2000 నవంబరు 1న ఆ రాష్ట్రం ఏర్పడిన తరువాతిదని భావించవచ్చు.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వెళ్ళి భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. సెక్టార్ 5లోని బాలాజీ ఆలయం వారి ఉనికికి సాక్షి. స్టీలు గిన్నెల మీద పేరూ తేదీ చెక్కించడం మనవారికి అలవాటు. అటువంటి గిన్నె ఒక్కటి చాలు, ఒక గృహప్రవేశాన్నో, ఒక పెళ్ళినో చెప్పడానికి.

మన దేశంలో 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు అనిపించుకోవడానికి సాధారణంగా నూరేళ్ళు నిండాలి. భిలాయి కర్మాగారానికే ఇంకా అంత వయస్సు లేదు. కనుక ఈ సీసాలకూ సంచులకూ క్యాలెండర్లకూ ఏ చట్టమూ అండగా నిలవదు. వీటిని కాపాడవలసింది ఇంటివారే.

అందుకు ధనం అక్కరలేదు. సీసా మీది కాగితపు చీటీని నీళ్ళతో కడగకుండా ఉంచితే చాలు. ఎక్కడ దొరికింది, ఎవరి కొట్టుది, ఆ కొట్టు ఏ వీధిలో ఉండేది అన్న వివరాలు ఒక చిన్న కాగితం మీద రాసి జతచేయాలి. ఆ నాలుగు మాటలు లేకపోతే అందమైన సీసా అయినా ఒట్టి గాజే. పాత వ్యాపారులు బ్రతికి ఉన్నప్పుడే ఈ పని జరగాలి.

ఉక్కునగరంలో తుక్కుకు గిరాకీ ఎక్కువ. పాత ఇనుము కరిగి కొత్త ఉక్కు అవుతుంది. పగిలిన గాజు కరిగి కొత్త సీసా అవుతుంది. దాని మీద పోసిన చిన్న వ్యాపారి పేరు మాత్రం ఏ కొలిమి నుంచీ తిరిగి రాదు.