మంటకి దక్కని కాగితాలు

మా చిన్నప్పుడు బందరులో ఏడాది ఒక్కరోజులో మారేది కాదు. జనవరి ఒకటిన అంకె మారేది. భోగినాడు పాత సామాను మంటలో పడేది. ఉగాదికి పంచాంగం మారేది. అక్కకీ నాకూ వీటిలో మొదటి రెంటి నడుమ రోజులే అసలు కొత్త సంవత్సరం.

నెలగంట పట్టిన దగ్గర్నుంచీ అమ్మ ఇంట్లో పనికిరానివన్నీ ఏరి వెనక వసారాలో పెద్ద తాటాకు బుట్టలో వేసేది. విరిగిన పీటకోడు, అరిగిన చీపుళ్లు, నిరుటి నోటుపుస్తకాలు, పెళ్లి శుభలేఖలు, చదివేసిన ఇన్లాండు ఉత్తరాలు. అదంతా భోగి మంటకి. సంక్రాంతి సెలవులివ్వగానే మేమిద్దరం ఆ బుట్ట ముందు కూర్చునేవాళ్లం. ఒక్కో కాగితమే పైకి తీసి అక్క అడిగేది: "మంటకా, పుస్తకానికా?"

పుస్తకం అంటే నాన్న పాత డైరీ. ఆయనకి ఏటా ఆంధ్రా బ్యాంకు డైరీ వచ్చేది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మా ఊళ్లోనే పెట్టిన బ్యాంకు అది. ఆ డైరీ ఇంటికొచ్చిన రోజు నాన్న మొహంలో ఊరి అభిమానం కనిపించేది. 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయిందని చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ డైరీ అట్టే. డిసెంబరు 31 రాత్రి కొత్త డైరీకి పసుపు బొట్టు పెట్టి, పాతది మా చేతికిచ్చేవారు. అందులో పాల లెక్క, బియ్యం, కిరసనాయిలు, నాయనమ్మ మందులు, ఎవరికో ఇచ్చిన చేబదులు, అన్నీ నీలం సిరాతో ఉండేవి. మా పనంతా ఆ లెక్కల మీదే. ఖాళీ పుస్తకం చేతిలో పెడితే ఎక్కడ మొదలెట్టాలో తోచేది కాదు. ఏ తారీఖున ఇంట్లో ఏం జరిగిందో అడుగున రాసి ఉంటే, దాని మీద ఏం పెట్టాలో చేతికే తెలిసేది.

ఇప్పుడు ఈ పనిని ఆర్ట్ జర్నలింగ్ అంటున్నారు. రంగులు, కాగితాలు, గుడ్డముక్కలు, రాతలు ఒకే పేజీలో కలిస్తే మిక్స్‌డ్ మీడియా. మా అక్క మనవరాలు హైదరాబాదులో వాటికోసం ప్రత్యేకమైన కాగితం, జిగురు టేపులు కొనుక్కుని, డిసెంబరు ఆఖరి వారంలో తలుపేసుకుని కూర్చుంటుంది. చూస్తే నాకు సంబరంగా ఉంటుంది. ఏడాదంతా పరుగెత్తిన పిల్ల కత్తెర పట్టుకుని నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది నాకు తెలుసు.

మా జిగురు మేమే కాచుకునేవాళ్లం. మైదాపిండి నీళ్లలో కలిపి సన్నటి సెగ మీద ఉడికిస్తే చిక్కబడేది. అందులో చిటికెడు మైలతుత్తం వెయ్యమని మా వీధిలో పుస్తకాలకి అట్టలు కట్టే ఆయన చెప్పాడు. అది విషం కనక అమ్మ తన చేత్తోనే వేసేది. దాని విలువ నాకు చాలా ఏళ్లకి తెలిసింది. అన్నం మెతుకులతో అతికించిన పేజీలు పురుగుల పాలయ్యాయి. మైలతుత్తం కలిపిన జిగురు తగిలిన పేజీల్ని ఒక్క పురుగూ ముట్టలేదు.

సామానుకి మా ఊళ్లో కరువేముంది? చిలకలపూడి గిల్టు గాజులు చుట్టిచ్చే గులాబీరంగు పల్చటి కాగితం ఉండేది. బందరు లడ్డు పొట్లం మీది కాగితం ఉండేది, నెయ్యి మరకతో సహా. కోనేరు సెంటరులో కొన్న గ్రీటింగు కార్డులుండేవి. వాటిని కవరు అంటించకుండా బుక్ పోస్టులో పంపితే స్టాంపు ఖర్చు తగ్గేది. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసే పెదనాన్న దగ్గర్నుంచి ఏటా ఒకటి వచ్చేది. పాత క్యాలెండరులో దేవుడి బొమ్మకి మాత్రం కత్తెర పెట్టనిచ్చేది కాదు నాయనమ్మ. అంచున ఉన్న లతలు కత్తిరించుకోమనేది.

అన్నిటికంటే విలువైనవి పెడన నుంచి వచ్చేవి. మావయ్య అక్కడ కలంకారీ అద్దకం పని చేసేవాడు. కాళహస్తిలో కలంతో గీస్తారు, మా వైపు టేకు చెక్కలో చెక్కిన అచ్చులతో అద్దుతారు. అచ్చు సరిగా పడుతోందా లేదా అని ముందు చిన్న గుడ్డముక్కల మీద వేసి చూసేవారు. ఆ ముక్కలు మావి. సెలవుల్లో వెళితే షెడ్డులో ఓ మూల కూర్చోనిచ్చేవాడు మావయ్య. గుడ్డని కరక్కాయ రసంలో, గేదె పాలలో తడిపి ఆరబెడితే లేత పసుపుగా తేలేది. తుప్పుపట్టిన ఇనపముక్కలు, బెల్లం కుండలో వేసి రోజుల తరబడి నానబెట్టిన నీళ్లు ఇంకో పక్కన పులుస్తుండేవి. ఇంట్లో మేం వాటిని ఇనప నీళ్లనేవాళ్లం. చూడ్డానికి ఆ నీళ్లలో నలుపేమీ ఉండదు. అచ్చుని అందులో ముంచి కరక్కాయ పట్టిన గుడ్డ మీద మోపితే, కళ్ల ముందే నల్లబడేది. కరక్కాయలో వగరు, ఇనుము కలిస్తేనే ఆ నలుపు. ఎరుపు కూడా అంతే. పటిక అద్దిన చోటే గుడ్డ ఎర్రరంగు పట్టుకుంటుంది, మిగతాచోట ఉతుకులో పోతుంది. ఇంత ఓపికైన పని ఇంకోటి నేను చూడలేదు. నాలుగు వందల ఏళ్ల కిందట డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ ఓడలేసుకుని మా రేవుకి వచ్చింది ఈ అద్దకం బట్టల కోసం కూడానని తెలిసినప్పుడు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. అక్క అడిగితే మావయ్య ఓ చిన్న సీసాలో ఇనప నీళ్లు, పొట్లంలో కరక్కాయ పొడి ఇచ్చాడు.

మేం చేసిన డైరీల్లో ఇప్పటికీ ఉన్నది 1977ది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, అక్కకి పద్నాలుగు. జనవరిలో 'దానవీరశూరకర్ణ', ఏప్రిల్‌లో 'అడవి రాముడు' కరపత్రాలున్నాయి, పచ్చవీ గులాబీవీ, చేత్తో పట్టుకుంటే పొడి రాలేంత పల్చటివి. మార్చి పేజీల్లో ఎన్నికల కాగితాలు. ఆవూ దూడా గుర్తు ఒకవైపు, నాగలి పట్టిన రైతు ఇంకోవైపు, రెండింటి మధ్యా నాన్న రాసిన పాల లెక్క. అమ్మ ముగ్గుల పుస్తకం నుంచి చిరిగిన పేజీ ఒకటి ఉంది, పదిహేను చుక్కల మెలికల ముగ్గు. ఆగస్టులో నాయనమ్మ కళ్లజోడు చీటీ మీద పెడన గుడ్డముక్క, దాని మీద అక్క పెన్సిలుతో వేసిన నెమలి. ఒక్కో పేజీ దగ్గర ఆగి అక్క, "ఆ రోజు ఏం జరిగిందో చెప్పవే" అనేది. నేను చెప్పింది ఒకటి, తనకి గుర్తున్నది ఒకటి. అమ్మని పిలిస్తే మూడోది చెప్పేది. అలా ఏడాది మొత్తం మాటల్లో మళ్లీ జరిగేది.

నవంబరు 19 దగ్గరికి వచ్చేసరికి డైరీలో లెక్కల్లేవు. ఆ శనివారం దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. మా ఇంటి పెంకులు లేచిపోయాయి, పెడనలో మావయ్య పనిచేసే షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. మేం బతికే ఉన్నాం. అటు సొర్లగొంది, హంసలదీవి వైపు వేలమంది పోయారు. నాన్న కొన్నాళ్లు డైరీ తియ్యలేదు. తడిసిన పేజీల్లో పాత సిరా పాకి, అక్షరాల చుట్టూ నీలం మరకలు కట్టింది. మళ్లీ రాసిన మొదటి పద్దు: కొవ్వొత్తులు. దాని కింద: దివికి బియ్యం.

ఆ సెలవుల్లో బుట్టలో పేపర్లు చాలా ఉన్నాయి, ఉప్పెన ఫొటోలున్నవి. అక్క కత్తెర ముట్టుకోలేదు.

"మంటకా?" అన్నాను.

"వద్దే. మంటకీ వద్దు, పుస్తకానికీ వద్దు."

నాన్న అవన్నీ మడిచి బీరువాలో పెట్టారు. అక్క నవంబరు 19 పేజీ నిండా కరక్కాయ నీళ్లు పూసి ఎండలో పెట్టింది. ఆరాక ఇనప నీళ్లు కుంచెతో అంచు నుంచి అంచుకి తిప్పింది. పేజీ నల్లబడుతూ పోతుంటే ఇద్దరం మాట్లాడుకోలేదు. దాని మీద ఏమీ అతికించలేదు, రాయలేదు. ఆ వయసులో మా దగ్గర అంతకంటే మాటలు లేవు. ఇప్పుడు ఆలోచించినా అంతకంటే సరైన పని నాకు తట్టదు.

ఆ ఏడాది భోగి మంటలో పాతబట్టలు ఒక్కటీ పడలేదు. కట్టుకోదగినవన్నీ అమ్మ మూటకట్టి దివికి పంపేసింది. గాలికి పడిపోయిన చెట్ల కొమ్మలు మాత్రం వీధివీధినా ఉన్నాయి. పచ్చివి కావడంతో పొగే ఎక్కువ. తెల్లవారాక కూడా కళ్లు మండాయి.

ఇన్నేళ్లలో ఆ ఇనప నీళ్లు కాగితాన్ని తినేశాయి. అది పుల్లటి రంగు, కాగితం తట్టుకోదు. నల్లపేజీ మధ్యలో జల్లెడలా చిల్లులు పడ్డాయి, వాటిలోంచి తరవాతి పేజీ కనిపిస్తుంది. అక్క దాన్ని రెండు బటర్ పేపర్ల మధ్య ఉంచింది. పుస్తకమంతా స్కాన్ చేయిద్దామని మనవరాలంటోంది. మడతలు, మందం, నెయ్యి మరకలు స్కానులో ఎలా వస్తాయని అక్క వాదన. నేను మనవరాలి వైపే ఉన్నాను. ఈ సంక్రాంతికి ముగ్గురం కూర్చుంటున్నాం. ముందు సినిమా కరపత్రాలు తీస్తాం, పొడిగా రాలిపోతున్నవి అవే. నవంబరు పేజీని ఎవరు తిప్పాలో అక్క ఇంకా చెప్పలేదు.