ఎండడమూ చెరువు బతుకే

ఫిబ్రవరి నడిమికి బుక్కరాయసముద్రం చెరువులో నీళ్లు బాగా దిగాయి. కట్ట దగ్గర ఇంకా లోతుగానే ఉన్నాయి. ఎగువ అంచున మాత్రం బురద తేలి, అక్కడక్కడా మోకాటి లోతు మడుగులు మిగిలాయి. కట్ట మీద గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన నన్ను చూసి ఆగాడు. "నీళ్లు దిగిపోయినాయి సార్, ఇంగ చూసేదానికి ఏముంటాది?" అన్నాడు. చూడాల్సిందంతా ఆ దిగిపోయిన చోటే ఉంది. లోతు నీళ్ల మీద నాలుగు బొల్లికోళ్లు, కొన్ని నీటికాకులు. ఎగువ అంచున తెడ్డుమూతి కొంగలు మడుగును అటూ ఇటూ జల్లిస్తున్నాయి. వాటి మధ్య ఎర్రకాళ్ల కొంగలు పొడవాటి పసుపు ముక్కును సగం తెరిచి, నీళ్లలో ముంచి, మెల్లగా అడుగులు వేస్తున్నాయి. ఈ కొంగ చేపను కంటితో వెతికి పట్టదు, ముక్కుకు తగిలితే టక్కున మూసేస్తుంది. కాబట్టి దానికి లోతు నీళ్లు పనికిరావు. చెరువు తగ్గేకొద్దీ చేపలు కొద్ది నీళ్లలోకి చేరి ముక్కుకు సులువుగా తగులుతాయి. అది పిల్లల్ని సాకేది కూడా ఆ రోజుల్లోనే.

అనంతపురం గురించి రాసే ప్రతివారూ చెరువు ఎండడాన్ని చావులాగే రాస్తారు. ఈ సీమలో చెరువుల వెంట తిరిగేకొద్దీ నాకు ఇంకో మాట బలపడింది. నిండడం, తగ్గడం, కొన్నేళ్లు ఎండి బీటలివ్వడం, మళ్లీ నిండడం, ఇవన్నీ కలిస్తేనే ఇక్కడి చెరువు. ఎండిన గర్భంలో గడ్డి మొలుస్తుంది, గొర్రెలు మేసి ఎరువు వేస్తాయి, రైతులు పూడిక మట్టి చేలకు తోలుకుంటారు. వాన పడి నీళ్లు చేరగానే ఆ మట్టిలోంచే పురుగూ నాచూ లేచి చేపకు మేతవుతాయి. వందల ఏళ్లుగా ఎండల్ని తట్టుకుని నిలబడిన చెరువులివి. వీటిని చంపగలిగేవి వేరే ఉన్నాయి: నీళ్లు తెచ్చే వంకను మూసేయడం, అంచును ప్లాట్లుగా కోసేయడం, నది ఇసుకను ఎత్తుకుపోవడం.

నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గుతుంది. రెంటికీ చివరనున్న ఈ పీఠభూమికి ఏడాదికి దక్కేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ కొద్ది రోజుల్లోనే దబదబా కురిసి పోయేది. దాన్ని పట్టుకోవడానికే విజయనగర కాలంలో బుక్కరాయసముద్రం, బుక్కపట్నం, ధర్మవరం వంటి పెద్ద చెరువులు కట్టారు. వాటికి పైనా కిందా ఊరూరా కుంటలు తవ్వుకున్నారు. పై చెరువు మరువ పారితే ఆ నీళ్లు వంకలో పడి కింది చెరువుకు చేరతాయి. తూము విప్పడానికి, ఏ మడికి ఎంతో చూసి పారించడానికి నీరుగంటి ఉండేవాడు. చెరువుకు చేప ఎక్కివచ్చేదీ వంక వెంటే. ఈ గొలుసులో ఒక వంక పూడితే కింది చెరువులన్నీ దెబ్బతింటాయి.

2022 అక్టోబరులో ఇది అనంతపురం నగరానికే అర్థమైంది. పెద్ద వానలకు ఎగువ చెరువుల నీళ్లు నడిమివంకలోకి వచ్చాయి. వంక ఒడ్డునా, వంకలోనూ వెలిసిన కాలనీలు మునిగాయి, జనాన్ని పడవల్లో బయటికి తీసుకురావాల్సి వచ్చింది. దేశంలోకెల్లా అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకదాని ముఖ్య పట్టణం సంగతి ఇది. వంక చాలా ఏళ్లు ఊరకే పడి ఉంటుంది కాబట్టి అది ఖాళీ జాగా అనిపిస్తుంది. ఇక్కడి వంక పని పదేళ్లకో పదిహేనేళ్లకో ఒకసారి పడుతుంది. ఆ ఒక్క రోజు కోసమే దాని దారి వదిలి ఉంచాలి.

కేంద్ర జలశక్తి శాఖ 2023లో దేశంలో మొదటిసారి జలవనరుల గణన ప్రకటించింది. చెరువులు, కుంటలు, జలాశయాలు అన్నీ కలిపి 24 లక్షలకు పైగా లెక్కతేలాయి. అందులో ఆక్రమణకు గురైనవి 1.6 శాతమేనని చెప్పారు. ఆ లెక్క నాకు ఊరట కలిగించలేదు. అందులో చెరువు ఒక్కటిగా లెక్కకు వస్తుంది, దానికి నీళ్లు తెచ్చే వంకలు రావు. కట్ట నిక్షేపంగా ఉండి, తూము బాగుండి, మరువకు సున్నం కొట్టి ఉన్నా, ఎగువన వంకను చదును చేసి ఉంటే ఆ చెరువు కాగితం మీద ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

పామిడి దగ్గర పెన్న ఒడ్డున దిగాను. నంది కొండల్లో పుట్టి, హిందూపురం వైపు నుంచి ఆంధ్రలోకి వచ్చి, 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దగ్గర బంగాళాఖాతంలో కలిసే నది ఇది. నేను చూసినప్పుడు నీళ్లు లేవు. కానీ ఇసుక ఉన్నచోట నది ఉన్నట్టే. ఇసుక పొర కింద తడి నిలుస్తుంది, ఒడ్డు బావుల్లో ఊట ఊరుతుంది. పూర్వం ఇక్కడి రైతులు ఏటి ఇసుకలోంచే ఊటకాలువలు తవ్వుకుని మాగాణి పండించారు. ఇసుక ఎత్తేసిన చోట గట్టి నేల తేలింది, కంపచెట్లు పట్టాయి. నీరు, భూమి, చెట్టు మూడింటినీ కలిపి కాపాడాలని 2002లో చేసిన వాల్టా చట్టం మన రాష్ట్రానిదే. ఇసుక గురించీ అందులో ఉంది. పామిడిలో ఉదయాన్నే ట్రాక్టర్ల చాళ్లు చూసిన వాళ్లకు ఆ చట్టం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఇది సముద్రం దాకా పోయే సంగతి కూడా. నది మోసుకెళ్లే ఇసుకా ఒండ్రూతోనే తీరం నిలబడుతుంది. సోమశిల లాంటి జలాశయాల వెనక ఆగిపోయింది పోగా, మిగిలింది లారీలకెక్కితే నెల్లూరు తీరానికి చేరేది ఏముంటుంది?

కాలువ నీళ్లను నేను తక్కువ చేయను. తుంగభద్ర ఎగువ కాలువ లేకపోతే ఈ జిల్లాలో తాగునీటికే దిక్కుండేది కాదు. శ్రీశైలం జలాశయం నుంచి హంద్రీ–నీవా ఎత్తిపోతల ద్వారా కృష్ణ నీళ్లు జీడిపల్లికి, గొల్లపల్లికి వచ్చినప్పుడు ఆడవాళ్లు పసుపు కుంకుమలతో హారతి పట్టారు. అది ఊరకే పట్టిన హారతి కాదు. అయితే 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, ఎక్కడో దూరాన ఉన్న ఒక ఇనుప తలుపు మీద మన బతుకు ఎంతగా వేలాడుతోందో కూడా కనిపించింది. దూరపు నీళ్లు వచ్చాయి కదా అని దగ్గరి వంకను మరిచిపోయామా, ఆ తలుపు ఊడిన ఏడు మనకు మిగిలేది ఏమీ ఉండదు.

దగ్గరి వంకల్ని కాపాడుకున్న చోటు ఒకటుంది. చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాల సరిహద్దులోని కల్పవల్లి కొండలవి. రెవెన్యూ లెక్కల్లో బంజరు. 1990ల మొదట్లో ఇవి బోడి గుట్టలు. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుగా చుట్టుపక్కల పల్లెల వాళ్లు మేతను అదుపులో పెట్టారు. ఎండాకాలం నిప్పు రాజుకోకుండా కాపలా కాశారు. మొక్కలు నాటింది కొంత, మిగతాదంతా నేల తనంతట తాను మొలిపించుకున్నదే. ఇప్పుడక్కడ వంకల వెంబడి ఈతచెట్లు దట్టంగా ఉన్నాయి. ఈత ఆకుతో చాపలు, బుట్టలు అల్లుతారు, బోద గడ్డి కోసి ఇళ్ల మీద కప్పుతారు. తోడేలు తిరిగి వచ్చింది. గడ్డి వాన దెబ్బను ఆపి నీటిని నేలలోకి దింపడంతో కింది ముష్టికోవెల చెరువుకు ఒండ్రు తక్కువగా, నీళ్లు ఎక్కువ కాలం వస్తున్నాయని అక్కడి వాళ్లు చెప్పారు. చెరువు వైద్యం కొండ మీద మొదలవుతుందని ఇంత స్పష్టంగా ఇంకెక్కడా చూడలేదు. తర్వాత గాలిమరలు వచ్చాయి, ఊళ్లో వాళ్లు 'ఫ్యాన్లు' అంటారు. వాటిని ఎక్కించడానికి గుట్టల నెత్తిన వెడల్పాటి రోడ్లు తొలిచారు. మట్టి వంకల్లోకి జారింది. తగాదా జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా పోయింది. గాలి కరెంటు దేశానికి కావాలి, దాంట్లో వాదం లేదు. కానీ 'బంజరు' అని రాసిన ఒక్క మాట చాలు, ఆ కొండ మీద గడ్డికీ ఈతకూ తోడేలుకూ మనుషులు పడ్డ కష్టానికీ లెక్కలో చోటు లేకుండా పోవడానికి.

ఇక వీరాపురం. శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న చిన్న పల్లె. ఏటా చలికాలం చివర్లో ఎర్రకాళ్ల కొంగలు ఈ ఊరి చింతచెట్ల మీదికి వస్తాయి. ఇళ్ల మధ్యనే, కప్పుల మీదికి వాలిన కొమ్మల్లో గూళ్లు. చెట్టుకు చెట్టు తెల్లగా రెట్టతో నిండి ఉంది. పెద్ద కొంగకు గొంతు దాదాపు లేదు, ముక్కులు టకటకలాడిస్తుంది. గోల చేసేది పిల్లలే. మధ్యాహ్నం ఎండకు తల్లి రెక్కలు విప్పి గూటి మీద నీడ పట్టి నిలబడుతుంది. ఆ రెక్కల్లోని గులాబీ రంగు ఈకలు చూడటానికి దూరం నుంచి కెమెరాలతో వస్తారు.

అందరూ ఇవి సైబీరియా నుంచి వస్తాయనే చెబుతారు, ఊళ్లోనూ అదే మాట. నిజానికి ఈ కొంగ మన ఉపఖండపు పక్షే. చెరువులు ఎక్కడ మోకాటి లోతుకు దిగుతాయో అక్కడికి మకాం మారుస్తూ, ఈ దక్కన్ నేలల్లోనే తిరుగుతుంది. అతిథి అనుకుంటే వచ్చినప్పుడు మర్యాద చేసి పంపితే సరిపోతుంది. ఇంటిదని తెలిస్తే ఏడాది పొడుగునా దాని తిండి గురించి ఆలోచించాలి.

చింతచెట్టు కింద వాకిట్లో బుడ్డలు వలుస్తున్న అవ్వను అడిగాను: "ఈ కంపు, గోల ఎట్ల భరిస్తారవ్వా?"

"కాన్పుకొచ్చిన ఆడబిడ్డను పొమ్మంటామా నాయనా?" అంది. "ఇవి వచ్చిన ఏడు వానలు పడతాయి. మా పెద్దోళ్ల కాలం నుంచీ ఇంతే. పండగకు కూడా ఈ చెట్ల కింద టపాసులు కాల్చనీము."

గూటిలోంచి పిల్ల పడితే కుక్కలు పట్టకుండా తీసి, నీళ్లు తాపి, చేపముక్క పెట్టి కాపాడతారు. ఇంత చేసినా ఈ మధ్య కోతుల బెడద పెరిగింది, గూళ్లు లాగి గుడ్లు పడేస్తున్నాయని అవ్వ కొడుకు బాధపడ్డాడు. పాత చింతచెట్లు ఒక్కొక్కటే పడిపోతున్నాయి. కొత్తగా నాటిన చింత కొంగ బరువు మోసేంత పెరగాలంటే ఒక తరం పట్టాలి.

గూడు సంగతి ఊరు చూసుకుంటోంది. తిండి సంగతి ఎవరు చూస్తారు? కొంగలు మేతకు పోయేది చుట్టుపక్కల చెరువులకు, కుంటలకు. బెంగళూరు రహదారి ఇటు పక్కనే. లేపాక్షి నాలెడ్జ్ హబ్ అనే ప్రాజెక్టు పేరిట ఈ చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లోనే ఎనిమిది వేల ఎకరాలకు పైగా కేటాయించారు. రోడ్డు పొడుగునా లేఅవుట్ల రాళ్లు. భూమి ధర పెరిగే చోట మొదట పోయేవి చెరువు ఎగువ అంచులే. అవి ఏడాదిలో సగం రోజులు తేలి ఉంటాయి, పట్టా భూమిలాగే కనిపిస్తాయి. సర్వే చేసేటప్పుడు చెరువు నిండిన నాటి నీటి గీతకు రాళ్లు పాతాలి, దానికి వచ్చే వంకలకూ రెండు వైపులా రాళ్లు పాతాలి. ఎర్రకాళ్ల కొంగకు కావలసిన మోకాటి లోతు ఆ గీతకూ నడి చెరువుకూ మధ్యనే ఉంటుంది.

సాయంత్రం రచ్చకట్ట దగ్గర ఊరి కుర్రవాళ్లతో ఇదే మాట్లాడాను. చేపల వేలం పాడుకున్నవాళ్లు నీళ్లు బాగా దిగాక ఏప్రిల్, మే నెలల్లో వల వేసి మొత్తం తోడేస్తారట. సరిగ్గా గూళ్లలో పిల్లలు పెద్దవై ఆకలి ఎక్కువయ్యే రోజులవి. ఒక్క కుంటనైనా పిల్లలు ఎగిరేదాకా వల వేయకుండా వదలమని, ఆ మేరకు పాటలో తగ్గించమని అడగవచ్చు కదా అన్నాను. "పాడుకున్నోళ్లూ మా ఊరోళ్లేనన్నా, అడుగుతాం" అన్నాడు ఒకతను. ఇంకొకతను వెంటనే, ఊరికి దగ్గరగా ఉండి చివరిదాకా నీళ్లు నిలిచేది ఏ కుంటో లెక్క వేయడం మొదలుపెట్టాడు.