అమ్మ కొబ్బరి ఉండలు, నా చాక్లెట్ తిప్పలు

సంక్రాంతికి అమ్మ పంపిన కొబ్బరి లౌజు ఉండల డబ్బా వారమైనా సగం కూడా తగ్గలేదు. "పిల్లలు తిన్నారా?" అని అమ్మ ఫోనులో అడిగితే, "ఎప్పుడో అయిపోయాయమ్మా" అనేశాను. మోకాళ్ళ నొప్పులతో కూర్చుని కొబ్బరి తురిమి, బెల్లంతో దగ్గరపడేదాకా కలిపి చేసిన ఉండలండీ అవి. వీళ్ళేమో ఒకటి కొరికి, "పంటికి అతుక్కుంటోంది" అని పక్కన పెట్టేశారు. "అయితే ఇంకో డబ్బా పంపుతాలే" అంది అమ్మ!

చాక్లెట్ అంటే మాత్రం వీళ్ళకి ప్రాణం. సరే, ఆ ఉండల్నే చాక్లెట్‌లో ముంచుదామనుకున్నాను.

మొదట ఇంట్లో ఉన్న కోకో పొడి, పంచదార పొడి, కరిగించిన కొబ్బరి నూనె కలిపాను. ఫ్రిజ్‌లో చక్కగా గట్టిపడింది. బయటికి తీసిన కాసేపటికే చేతులకీ, సోఫాకీ, మావారి చొక్కాకీ అంటుకుంది. కొబ్బరి నూనె 25 డిగ్రీల దగ్గరే కరుగుతుంది మరి. మన చలికాలం కూడా దానికి వేసవే.

రెండోసారి 200 గ్రాముల డార్క్ కాంపౌండ్ కొన్నాను. ఇందులో కోకో వెన్న బదులు వేరే కొవ్వు ఉంటుంది కాబట్టి, డిగ్రీలు లెక్కపెట్టే గొడవ లేకుండానే గట్టిపడుతుంది. వేడినీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె, నీళ్ళకి తగలకుండా పెట్టి కరిగిస్తున్నాను. అలవాటు కొద్దీ తడి గరిటె పెట్టాను. అంతే, మెరుస్తున్న చాక్లెట్ కాస్తా గరుకు ముద్దయి కూర్చుంది. (పారేయలేదు లెండి, వేడి పాలల్లో కలిపి తాగించేశాను.)

మూడోసారి గిన్నె, గరిటె, చేతులు అన్నీ పొడిగుడ్డతో తుడిచి మొదలుపెట్టాను. ఒక చెంచా కొబ్బరి నూనె వేస్తే జారుగా వచ్చింది. ఉండల్ని ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే ముంచకండి. చల్లదనం పోయాక ముంచితేనే పైపొర పగలదు. ఫోర్కు మీద పెట్టి ముంచి, గిన్నె అంచుకి తట్టి, బటర్ పేపర్ మీద పెట్టాను. సాయంత్రానికి డబ్బా ఖాళీ.

వేసవిలో అమ్మ వచ్చింది. చిన్నది ఎదురెళ్ళి, "అమ్మమ్మా, నీ ఉండలు అమ్మ చాక్లెట్‌లో ముంచింది, అప్పుడు తిన్నాం!" అని చెప్పేసింది. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "అయిపోయాయన్నావుగా" అంది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మాది పశ్చిమ గోదావరి. కొబ్బరి చెట్ల నీడన నాన్న కోకో వేశారు. కాయలు కొట్టి, గింజలు పులియబెట్టి, ఎండబెట్టి బస్తాలకెత్తడం వరకే మాకు తెలుసు. గింజ చుట్టూ ఉండే తెల్ల గుజ్జు చప్పరించడమే మా చిన్నప్పటి చాక్లెట్. ఆ రాత్రి ఫ్రిజ్‌లో మిగిలిన చాక్లెట్ ముక్క ఒకటి అమ్మకిచ్చాను. నోట్లో వేసుకుని, "ఇది మన గింజలతో చేసేదేనా? మీ నాన్న తిననే లేదు" అంది.

మర్నాడు నేను లేచేసరికి కొబ్బరి తురిమేసి ఉంది. "ఆ గిన్నె సరిగ్గా తుడిచావా?" అని నన్నే అడుగుతోంది.