అక్షతల ఫైలు

పూజలో వస్త్రం సమర్పించే ఘట్టం వచ్చేసరికి మా నాన్నగారు రోజూ పట్టుబట్ట తేరు. నాలుగు అక్షతలు వేస్తారు. యజ్ఞోపవీతానికీ అవే, ఆభరణాలకీ అవే. కొవ్వూరులో గోష్పాద రేవుకి నడిచివెళ్లే దూరంలో మా ఇల్లు. పక్కగదిలో నేను చేసేదీ ఇంచుమించు అదే పని. అమెరికాలో అర్ధరాత్రి బ్యాచ్ జాబులు నడిచే వేళకి మనకి పొద్దెక్కుతుంది. వాటికి కాపలా నేను.

అవి నడిచే మెయిన్‌ఫ్రేమ్‌లో ప్రోగ్రాం ఫలానా ఫైలు కావాలంటే, జాబుకి ఆదేశాలు రాసే జేసీఎల్‌లో దాని పేరిట ఒక డీడీ లైను ఉండాలి. ఇవ్వడానికి ఫైలు లేదనుకోండి, ‘డీడీ డమ్మీ’ అని రాస్తాం. ప్రోగ్రాం ఏ పేచీ లేకుండా తెరుస్తుంది. మొదటి రికార్డు చదవబోగానే ‘అయిపోయింది’ అని జవాబొస్తుంది. కోబాల్ లెక్కలో ఫైల్ స్టేటస్ 10. తంతు మాత్రం ఆగదు.

ఖాళీలన్నీ ఒకటి కావు. రాయడానికి తెరిచి, ఏమీ రాయకుండా మూసిన ఫైల్లో ముగింపు గుర్తు పడుతుంది. పాత పద్ధతి డిస్కు మీద చోటు మాత్రం కేటాయించి తెరవకుండా వదిలేస్తే ఆ గుర్తు ఉండకపోవచ్చు. చదివితే అంతకుముందు అక్కడున్న ఎవరివో రికార్డులు బయటపడతాయి, వరద తీశాక లంకలో గట్టురాయి కనబడక పక్కవాడి చేలో దిగినట్టు. ఇప్పటి డిస్కుల్లో చాలావాటికి సిస్టమే ఆ గుర్తు పెట్టేస్తుంది. వీశామ్ అనే రకం ఫైలుది మరీ పట్టింపు. ఒక్క రికార్డూ ఎప్పుడూ ఎక్కనిదాన్ని చదవడానికి తెరవబోతే తలుపే తీయదు. అందుకని ఉత్తుత్తి రికార్డు ఒకటి ఎక్కించి తుడిచేస్తాం. పాలు పొంగించాక ఇల్లు ఖాళీగా ఉన్నా ఫరవాలేదన్నమాట.

ఖాళీ ఫైళ్లే కాదు, ఐఈఎఫ్‌బీఆర్14 అని, ఏ పనీ చేయని ప్రోగ్రామూ ఒకటుంది. మొదట్లో దాన్నిండా ఉన్నది ఒకే ఆదేశం: వచ్చిన దారిన పో. అందులోనూ తప్పు దొరికింది! పని సవ్యంగా అయిందో లేదో చెప్పే రిటర్న్ కోడ్ ఉండే 15వ రిజిస్టర్‌ని సున్నా చేయకపోవడంతో పాత విలువే బయటికి పోయేది. రెండో ఆదేశం చేర్చి సరిచేశారు. ఊరికే కూర్చున్నవాడికి వంకలు పెట్టడం మా అత్తయ్య ఒక్కర్తికే చేతనవుననుకునేవాణ్ణి.

ఓసారి పరీక్ష కోసం పెట్టిన డమ్మీని తీయడం మరిచి, అసలు జాబుతో పంపేశాను. రిటర్న్ కోడ్ సున్నా, అంతా శుభం. రిపోర్టులో మొత్తమూ సున్నాయే. మూడో రోజున అవతలివాళ్లు ఫోన్ చేసి, చెల్లింపులేవీ అన్నారు. అప్పటినుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. లావాదేవీలు లేని సెలవు రోజైనా ఫైలు చివర ‘రికార్డులు 0’ అని ట్రైలర్ లైను రావాల్సిందే. రాకపోతే జాబు ఆగి నన్ను లేపుతుంది.

ఈ గొడవంతా నాన్నగారికి చెప్పాను. అక్షతల పళ్లెం సర్దుకుంటూ, “మేం వేసేటప్పుడు దేనికి బదులో పైకి చెప్పి వేస్తాంరా” అని గంట అందుకున్నారు.